చూపు లేని విద్యార్థికి కంప్యూటర్ మీద లెక్కలు నేర్పడం ఎలా?

"ఒకటి బై ఎక్స్ ప్లస్ రెండు" అని పైకి అని చూడండి. బోర్డు చూస్తున్న పిల్లలకు ఏ అనుమానమూ రాదు. చెవితో మాత్రమే వింటున్న విద్యార్థికి అందులో రెండు లెక్కలున్నాయి. 1/ఎక్స్‌కు 2 కలపడం ఒకటి, 1ని (ఎక్స్+2)తో భాగించడం ఇంకొకటి. ఎక్స్ విలువ 2 అయితే మొదటిదానికి జవాబు రెండున్నర, రెండోదానికి పావు. ఈ తేడా దగ్గరే చాలామంది అంధ విద్యార్థులు లెక్కలకు దూరమవుతున్నారు. "ఈ పిల్లలకు లెక్కలు రావు" అనే ముందు, ఆ లెక్క వాళ్ల దగ్గరికి సరిగ్గా చేరిందా అని చూడాలి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఇంటర్‌లో సైన్స్ చదవడానికి కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన అమెరికాలోని ఎంఐటీలో చదివారు.

ఇక్కడ చెప్పేది 8వ తరగతి నుంచి ఇంటర్ దాకా లెక్కలు చెప్పే టీచర్లకు, ఇంట్లో దగ్గర కూర్చుని చదివించే తల్లిదండ్రులకు. విద్యార్థికి కీబోర్డు మీద చేతులు కుదిరి ఉండాలి. అబాకస్ (పూసల చట్రం) గానీ టేలర్ ఫ్రేమ్ (అంకెల అచ్చులు గుచ్చే గడుల పలక) గానీ వాడుతుంటే దాన్ని మాన్పించకండి. కూడికలు, తీసివేతలకు వేళ్ల కింద పూసలు ఇచ్చే పట్టు కంప్యూటర్ ఇవ్వదు.

కావలసినవి

విండోస్ 10 లేదా 11 ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. స్క్రీన్ రీడర్‌గా, అంటే స్క్రీన్ మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌గా, ఎన్‌వీడీఏ వాడండి. ఇది ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, దీంతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్, ఒక బ్రౌజర్, రెండు చెవులకూ పెట్టుకునే హెడ్‌ఫోన్ ఉండాలి. క్లాసులో కూర్చున్నప్పుడు ఒక చెవికే పెట్టుకోమనండి, రెండో చెవికి టీచర్ మాట వినబడాలి. గ్రాఫులు వినేటప్పుడు మాత్రం రెండు చెవులూ కావాలి. ఎందుకో ఆ భాగంలో చెబుతాను.

వర్డ్ ఏ వెర్షనో ముందే చూసుకోండి. ఫైల్ మెనూలో అకౌంట్ తెరిస్తే బిల్డ్ నంబర్ కనిపిస్తుంది. అది 14326 లేదా అంతకంటే పైన ఉంటేనే వర్డ్‌లో రాసిన సమీకరణాలను ఎన్‌వీడీఏ నేరుగా చదువుతుంది. పాత వర్డ్‌లో సమీకరణం ఉన్నచోట మౌనంగా దాటిపోతుంది. పిల్లలు అక్కడ ఏమీ లేదనుకుంటారు.

స్క్రీన్ రీడర్‌ను లెక్కలకు సిద్ధం చేయడం

ఎన్‌వీడీఏను వేసి వదిలేస్తే అది కథల పుస్తకం చదవడానికి తగ్గట్టుగా ఉంటుంది. లెక్కలకు నాలుగు మార్పులు చేయాలి. కింద ఎన్‌వీడీఏ కీ అన్నచోట ఇన్సర్ట్ కీ అనుకోండి. సెట్టింగుల్లో క్యాప్స్ లాక్‌ను కూడా దానికి కేటాయించుకోవచ్చు.

మొదటిది విరామ చిహ్నాల స్థాయి. అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడి నుంచే వస్తాయి. ఎన్‌వీడీఏ మొదట్లో "కొన్ని" చిహ్నాలే చదివే స్థాయిలో ఉంటుంది. ఆ స్థాయిలో కీబోర్డు మీది అడ్డగీతను, బ్రాకెట్లను పలకదు. 8-3 అని ఉంటే "ఎనిమిది మూడు" అని వినిపిస్తుంది. 2(4+5) అని ఉంటే బ్రాకెట్లు మాయమై "రెండు నాలుగు ప్లస్ అయిదు" అవుతుంది. ఎన్‌వీడీఏ కీ పట్టుకుని పీ నొక్కుతూ వెళ్తే స్థాయిలు ఒక్కొక్కటే మారతాయి. "చాలావరకు" అనే స్థాయి దగ్గర ఆపండి. "అన్నీ" పెడితే మరీ చిన్న చిన్న చుక్కలూ చదివి విసుగు పుట్టిస్తుంది.

రెండోది వేగం. పాఠం చదివే వేగంలో లెక్క వింటే పట్టుకోలేరు. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్ పట్టుకుని కుడి, ఎడమ బాణాలతో వేగం దగ్గరికి వెళ్లి, కింది బాణంతో తగ్గించండి.

మూడోది, టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ పలికేలా చేయడం. ఎన్‌వీడీఏ కీతో 2 నొక్కితే ఈ సెట్టింగు మారుతుంది. తెలుగు వ్యాసం రాసేటప్పుడు దీన్ని ఆపేసే అలవాటున్న పిల్లలు లెక్కలప్పుడు తప్పకుండా ఆన్ చేసుకోవాలి.

ఈ మూడింటినీ ప్రతిసారీ మార్చడం కష్టం కాబట్టి, ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, పీ నొక్కి కొత్త ప్రొఫైల్ తెరిచి దానికి "లెక్కలు" అని పేరు పెట్టండి. ఆ ప్రొఫైల్‌లో ఉండగా చేసిన మార్పులు అక్కడే ఉంటాయి.

నాలుగోది సమీకరణాలను చదివే మ్యాథ్‌క్యాట్. ఎన్‌వీడీఏ ప్రిఫరెన్సెస్‌లో గణితానికి సంబంధించిన సెట్టింగులు ముందే కనిపిస్తే సరే. లేకపోతే ఎన్‌వీడీఏ మెనూలో టూల్స్, అందులో యాడ్-ఆన్ స్టోర్ తెరిచి మ్యాథ్‌క్యాట్ అని వెతికి ఇన్‌స్టాల్ చేసి, ఎన్‌వీడీఏను మళ్లీ మొదలుపెట్టండి. సెట్టింగుల్లో ఎవరి కోసం చదవాలి అనే ప్రశ్న ఉంటుంది, అక్కడ అంధత్వం అనే ఎంపిక ఉండేలా చూడండి. అది వేరేగా ఉంటే భిన్నం ఎక్కడ ముగిసిందో చెప్పే మాటలు తగ్గిపోతాయి. చదివే తీరుకు క్లియర్‌స్పీక్, సింపుల్‌స్పీక్ అని రెండు పేర్లుంటాయి. క్లియర్‌స్పీక్ "లవం ఇది, హారం ఇది" అన్నట్టు విడమరిచి చెబుతుంది, మొదలుపెట్టే పిల్లలకు అదే మంచిది. విరామాల నిడివిని పెంచే సెట్టింగు కూడా అక్కడే ఉంది, దాన్ని కొంచెం పెంచండి. చదివే భాషను ఇంగ్లిష్‌లో పెట్టండి. తెలుగు మీడియంలో కూడా పిల్లలు "ఎక్స్ స్క్వేర్" అనే వింటారు కాబట్టి ఇబ్బంది ఉండదు. కానీ లవం న్యూమరేటర్ అని, హారం డినామినేటర్ అని మొదటి రోజే చెప్పాలి.

సమీకరణం బొమ్మగా ఉండకూడదు

ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిన లెక్క, పీడీఎఫ్‌లో అతికించిన లెక్క, స్క్రీన్‌షాట్ - ఇవేవీ స్క్రీన్ రీడర్‌కు లెక్కలు కావు, బొమ్మలు. లెక్కను వర్డ్‌లో సమీకరణంగానే రాయాలి. మీరు కింది వరుసలో చేయండి.

1. వర్డ్‌లో లెక్క రావలసిన చోట ఆల్ట్ పట్టుకుని సమాన గుర్తు కీ నొక్కండి. సమీకరణం పెట్టె తెరుచుకుంటుంది.

2. వరుసలో రాసినట్టే టైపు చేయండి. (ఎక్స్+2)/3 అని కొట్టి స్పేస్ నొక్కితే అది పైనా కిందా ఉన్న భిన్నంగా మారుతుంది. ఘాతానికి ^ గుర్తు పెట్టి అంకె కొట్టి స్పేస్ నొక్కాలి. ఎక్స్ అన్నచోటల్లా కీబోర్డు మీది ఆ ఒక్క ఇంగ్లిష్ అక్షరమే కొట్టాలి.

3. పెట్టెలోంచి కుడి బాణంతో బయటికి వచ్చి ఎంటర్ కొట్టండి. ఒక్కో లెక్కకు ఒక్కో వరుస. ఒకే పెట్టెలో మూడు మెట్లు ఇరికిస్తే పిల్లలు అందులో దారి తప్పుతారు.

4. ఫైలును వర్డ్ ఫైలు (.docx) రూపంలోనే ఇవ్వండి. వర్డ్ నుంచి వెబ్ పేజీగా సేవ్ చేస్తే సమీకరణాలు మళ్లీ బొమ్మలైపోతాయి. పీడీఎఫ్ చేసినా చదవడం నమ్మకంగా ఉండదు. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా జత చేయండి.

మ్యాథ్‌టైప్ అనే సమీకరణాల సాఫ్ట్‌వేర్‌తో రాసిన పాత ప్రశ్నపత్రాలుంటే, ఒక్కో సమీకరణాన్ని ఎంచుకుని కుడి క్లిక్ మెనూలో ఈక్వేషన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆఫీస్ మ్యాథ్‌కు (వర్డ్ సొంత సమీకరణంగా) మార్చాలి. ఓపిక పట్టే పని, ఒక్కసారి చేస్తే చాలు.

ఇప్పుడు విద్యార్థి వైపు నుంచి. కర్సర్ సమీకరణం మీదికి రాగానే ఎన్‌వీడీఏ దాన్ని ఏకబిగిన చదువుతుంది. చిన్న లెక్కకు అది చాలు. పెద్దదైతే ఎన్‌వీడీఏ కీ, ఆల్ట్, ఎమ్ కలిపి నొక్కి లోపలికి దిగాలి. అక్కడ కింది బాణం ఒక మెట్టు లోపలికి, పై బాణం ఒక మెట్టు బయటికి, కుడి ఎడమ బాణాలు పక్కకు తీసుకెళ్తాయి. భిన్నం మీద నిలబడి కింది బాణం నొక్కితే లవంలోకి, అక్కడి నుంచి కుడి బాణంతో హారంలోకి వెళ్లొచ్చు. బయటికి రావడానికి ఎస్కేప్. చూపున్న పిల్లలు కన్ను తిప్పి లెక్కను పైకీ కిందికీ చూసుకునే పనిని చూపు లేని పిల్లలు ఈ బాణాలతో చేస్తారు. కాబట్టి దీనికి తొందరపెట్టొద్దు. కొత్త పాఠమేదీ చెప్పకుండా, తెలిసిన లెక్కలతోనే వారం రోజులు ఈ బాణాల సాధన చేయించండి.

మీరు తయారుచేసిన ఫైలును ఇచ్చే ముందు మానిటర్ ఆపేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడు లెక్కలు వినండి. విన్నదాన్ని కాగితం మీద రాసి అసలు లెక్కతో పోల్చండి. తేడా ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

పాఠ్యపుస్తకం

తెలుగు పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లతో ఒక చిక్కుంది. డీటీపీలో అను లాంటి పాత ఫాంట్లతో కూర్చిన పేజీ కంటికి చక్కటి తెలుగులా కనిపిస్తుంది, లోపల మాత్రం యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షరాల కోడ్) ఉండదు. స్క్రీన్ రీడర్ దాన్ని అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల వరుసగా చదువుతుంది. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. తెలుగు రాకపోతే ఆ ఫైలు పనికిరాదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర, సంఖ్యల దగ్గర మార్చినదాన్ని సరిచూసుకోవాలి. ఇంకో దారి, పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవడం. వాక్యాలు చాలావరకు వస్తాయి, సమీకరణాలు రావు. వచ్చినా "ఎక్స్ స్క్వేర్" కాస్తా "ఎక్స్2" అయి కూర్చుంటుంది, మైనస్‌లు రాలిపోతాయి.

సమీకరణాలను గుర్తుపట్టే ప్రత్యేక ఓసీఆర్‌లు (బొమ్మలోని రాతను టైపు చేసిన రాతగా మార్చే సాఫ్ట్‌వేర్లు) రెండు బాగా వాడుకలో ఉన్నాయి. మ్యాథ్‌పిక్స్ స్క్రీన్ మీద ఎంచుకున్న భాగాన్ని సమీకరణంగా మార్చి ఇస్తుంది. జపాన్‌లో తయారైన ఇన్ఫ్టీరీడర్ పేజీలకు పేజీలు మారుస్తుంది. రెంటిలోనూ ఘాతాలను, దశాంశ బిందువులను, మైనస్ గుర్తులను కళ్లతో సరిచూడక తప్పదు. ఒక అభ్యాసంలో పది పదిహేను లెక్కలే ఉంటే నేరుగా వర్డ్‌లో టైపు చేయడమే మేలు. ఓసీఆర్ తప్పులు వెతకడానికి పట్టే సమయంలో ఆ లెక్కలు కొట్టేయొచ్చు.

టైపు చేసే ముందు సుగమ్య పుస్తకాలయలో వెతకండి. 2016లో మొదలైన ఈ ఆన్‌లైన్ గ్రంథాలయంలో చూపు లేనివారికి చదవడానికి వీలుగా మార్చిన పుస్తకాలు ఉంటాయి. విద్యార్థి పేరున సభ్యత్వం తీసుకోవాలి.

పిల్లల చేత రాయించడం

చాలాచోట్ల వినిపించడం దగ్గరే ఆగిపోతారు. లెక్క వింటే రాదు, మెట్టు మెట్టుగా చేస్తేనే వస్తుంది. చూపున్న పిల్లలకు పై వరుస ఎదురుగానే ఉంటుంది, కింది వరుస రాసుకుంటూ పోతారు. చూపు లేని పిల్లలు పై వరుసంతా మనసులో మోయాలి. ఆ బరువు దించడమే ఇక్కడ మన పని.

మొదట నోట్‌ప్యాడ్‌తో మొదలుపెట్టండి. విండోస్ 11లో దాని సెట్టింగుల్లో ఆటోకరెక్ట్‌ను ఆపేస్తే నోట్‌ప్యాడ్ సొంత తెలివి చూపదు. వర్డ్‌లో అయితే 1/2 అని కొడితే ఒకే అక్షరంగా మార్చేస్తుంది, వరుస మొదట్లోని చిన్న ఎక్స్‌ను పెద్ద ఎక్స్ చేస్తుంది. కీబోర్డు తెలుగులో ఉండిపోకుండా విండోస్ కీతో స్పేస్ నొక్కి ఇంగ్లిష్‌కు మార్చుకోమనండి.

తరగతిలో అందరూ ఒకే పద్ధతి పాటించేలా రాత నియమాలు పెట్టుకోండి. భాగహారానికి /, గుణకారానికి *, ఘాతానికి ^. లవంలో గానీ హారంలో గానీ ఒకటి కంటే ఎక్కువ పదాలుంటే బ్రాకెట్లు తప్పనిసరి: (ఎక్స్+2)/3. బ్రాకెట్లు వదిలేసి ఎక్స్+2/3 అని రాస్తే మూడింట రెండు వంతులను ఎక్స్‌కు కలిపినట్టు. మొదటి నెలలో చాలా తప్పులు దీని దగ్గరే వస్తాయి, కాబట్టి ఈ ఒక్క నియమం మీద గట్టిగా నిలబడండి. సమాన గుర్తుకు రెండు వైపులా ఒక్కో స్పేస్ వదలమనండి. అప్పుడు కంట్రోల్ పట్టుకుని కుడి బాణంతో పదం పదం దూకేటప్పుడు సమాన గుర్తు విడిగా చిక్కుతుంది.

ఇక మెట్లు రాసే తీరు. వరుస మొదటికి హోమ్ కీతో వెళ్లాలి. షిఫ్ట్ పట్టుకుని ఎండ్ నొక్కితే వరుస మొత్తం ఎంపికవుతుంది. కంట్రోల్ సీతో కాపీ. ఎండ్ నొక్కి, ఎంటర్ కొట్టి, కంట్రోల్ వీతో అతికించాలి. ఇప్పుడు పై వరుసే కిందా ఉంది. అందులో మారవలసిన భాగాన్ని మాత్రం మార్చాలి. ఈ వరుసను వేళ్లు తలచుకోకుండా చేసేదాకా సాధన చేయించండి.

3(ఎక్స్+2) = 21
3ఎక్స్+6 = 21
3ఎక్స్ = 21-6
3ఎక్స్ = 15
ఎక్స్ = 5

ప్రతి మెట్టుకూ పాత వరుసను చెరపకుండా కొత్త వరుస ఉండాలి. చాలామంది పిల్లలు ఉన్న వరుసనే దిద్దుకుంటూ పోయి చివరికి జవాబు ఒక్కటే మిగులుస్తారు. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు.

ఈ రాతకు అలవాటు పడ్డాక వర్డ్‌కు మారండి. నోట్‌ప్యాడ్‌లో రాసిన (ఎక్స్+2)/3నే సమీకరణం పెట్టెలో కొట్టి స్పేస్ నొక్కితే అది అందరూ పుస్తకంలో చూసే భిన్నంగా మారుతుంది. ఆ పద్ధతి తెలియని టీచర్ కూడా పేపరు దిద్దగలరు. దిద్దుకోవాలంటే సమీకరణాల మెనూలో కన్వర్ట్‌లోకి వెళ్లి లీనియర్ ఎంచుకుంటే మళ్లీ ఒకే వరుస రాతగా వస్తుంది.

నిలువు కూడికలకు, గుణకారాలకు ఎక్సెల్ వాడండి. ఒక్కో గడిలో ఒక్కో అంకె. మొదటి వరుసలో వేలు, వందలు, పదులు, ఒకట్లు అని శీర్షికలు రాయండి. ఎడమ చివరి శీర్షిక మీద నిలబడి ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, సీ నొక్కితే ఆ వరుసను శీర్షికలుగా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత పక్క గడికి వెళ్లినప్పుడల్లా "పదులు", "వందలు" అని చెబుతుంది. రెండో వరుస మోత అంకెలకు (పక్క స్థానానికి మోసుకెళ్లేవాటికి) వదలండి. 4786, 589 కూడాలంటే మూడో వరుసలో 4, 7, 8, 6, నాలుగో వరుసలో ఒకటి ఖాళీ వదిలి 5, 8, 9. ఒకట్ల దగ్గర 6, 9 కలిస్తే 15. కింద 5 వేసి, పదుల మీది మోత గడిలో 1 రాయాలి. అలా వెళ్తే జవాబు వరుసలో 5, 3, 7, 5 వస్తాయి. ఎక్సెల్‌తో ఒక జాగ్రత్త: గడిలో 3/4 అని కొడితే అది తేదీ అనుకుని మార్చేస్తుంది. భిన్నాలు రాసేముందు ఆ గడులను టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి. గడులను కలిపేయడం ఎప్పుడూ చేయొద్దు, లెక్క తప్పుతుంది.

బ్రెయిల్ తెలిసిన విద్యార్థి ఉంటే

చెవికి వినిపించినది జారిపోతుంది, వేళ్ల కింద ఉన్నది అక్కడే ఉంటుంది. 20 గడుల ఆర్బిట్ రీడర్ లాంటి బ్రెయిల్ డిస్‌ప్లే (స్క్రీన్ మీది రాతను వేలికి తగిలే చుక్కలుగా చూపే పరికరం) దొరికితే ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో బ్రెయిల్ విభాగంలో దాన్ని ఎంచుకోండి. మామూలు పాఠానికి వాడే బ్రెయిల్ పట్టిక వేరు, గణితానికి వాడే కోడ్ వేరు. రెండోదాన్ని మ్యాథ్‌క్యాట్ సెట్టింగుల్లో పెట్టాలి. అక్కడ నెమెత్ పెట్టాలా, యూఈబీ (యూనిఫైడ్ ఇంగ్లిష్ బ్రెయిల్) పెట్టాలా అనేది విద్యార్థి దేంతో నేర్చుకున్నారో అడిగాకే తేల్చండి. రెండింటికీ పొత్తు కుదరదు. అంధ గణిత శాస్త్రవేత్త అబ్రహాం నెమెత్ రూపొందించిన కోడ్‌లో అంకెలు గడి కింది భాగంలో పడతాయి. మామూలు బ్రెయిల్‌లో 1 అంటే 1వ చుక్క, నెమెత్‌లో 2వ చుక్క. ప్లస్ గుర్తు నెమెత్‌లో 3, 4, 6 చుక్కల ఒక్క గడి. యూఈబీలో రెండు గడులు. డిస్‌ప్లే 20 గడులదైతే పెద్ద సమీకరణం ఒకసారికి పట్టదు, ముందుకు జరుపుకుంటూ చదవాలి. కాబట్టి బ్రెయిల్‌తోపాటు చెవికి కూడా వినిపించడం మంచిది.

గ్రాఫును చెవితో చదవడం

డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ బ్రౌజర్‌లో ఉచితంగా పనిచేస్తుంది. రేఖను శబ్దంగా వినిపిస్తుంది. ఇక్కడే రెండు చెవుల హెడ్‌ఫోన్ కావాలి. ఎక్స్ విలువ ఎడమ నుంచి కుడికి పెరిగే కొద్దీ శబ్దం ఎడమ చెవి నుంచి కుడి చెవికి జరుగుతుంది. వై విలువ పెరిగితే స్వరం పైకి వెళ్తుంది, తగ్గితే దిగుతుంది. రేఖ ఎక్స్ అక్షానికి కిందికి దిగగానే స్వరంతోపాటు రేడియో స్టేషన్ సరిగ్గా కుదరనప్పుడు వచ్చే గరగర వినిపిస్తుంది.

డెస్మోస్ పేజీలో సమీకరణం టైపు చేసే పెట్టెలోకి వెళ్లి ఎన్‌వీడీఏ కీతో స్పేస్ నొక్కి ఫోకస్ మోడ్‌లోకి మారాలి. లేకపోతే కొట్టిన అక్షరాలను ఎన్‌వీడీఏ తన షార్ట్‌కట్‌లుగా తీసుకుని పేజీలో ఎక్కడికో దూకుతుంది. వై = ఎక్స్^2-4 అని టైపు చేయండి. భిన్నం ఉంటే / కొట్టాక కర్సర్ హారంలోనే ఉండిపోతుంది, కుడి బాణంతో బయటికి వచ్చాకే మిగతాది కొట్టాలి. టైపు అయ్యాక ఆల్ట్, టీ నొక్కితే ఆడియో ట్రేస్ మొదలవుతుంది. హెచ్ నొక్కితే రేఖ మొత్తం వినిపిస్తుంది. కుడి ఎడమ బాణాలతో బిందువు బిందువు నడవొచ్చు. ట్యాబ్‌తో అక్షాలను తాకే చోట్లకు, కనిష్ఠ బిందువుకు నేరుగా వెళ్లొచ్చు.

ఈ పరావలయంలో పిల్లలకు వినబడేది ఇది: ఎడమ చెవిలో పైస్వరం, దిగుతూ దిగుతూ గరగర మొదలు, అది మధ్యదాకా ఇంకా దిగి, మళ్లీ పైకి లేస్తూ గరగర ఆగి, కుడి చెవిలో పైస్వరం. గరగర మొదలైన చోటు -2, ఆగిన చోటు 2. అవే మూలాలు. వినిపించే ముందే "గరగర ఎక్కడ మొదలవ్వాలి?" అని అడిగి, లెక్క చేయించి, తర్వాత వినిపించండి. వర్గ సమీకరణానికి మూలాలు అంటే ఏమిటో అప్పుడు గట్టిగా నాటుకుంటుంది. సరళరేఖతో మొదలుపెట్టి, వాలును 1, 2, -1 అని మార్చి వినిపించాకే పరావలయానికి రండి.

రేఖాగణితానికి వేళ్లే కావాలి

త్రిభుజం ఎలా ఉంటుందో శబ్దంతో చెప్పలేం. ఎత్తైన గీతల బొమ్మ ఇవ్వాలి. రోజువారీ వాడకానికి రబ్బరు షీటు మీద పరిచే జర్మన్ ఫిల్మ్ అనే పలుచని ప్లాస్టిక్ షీటు చాలా మంచిది. బాల్‌పెన్‌తో గీసిన గీత గీసిన వైపే ఉబ్బుతుంది. పళ్ల చక్రంతో కాగితం వెనక నుంచి గీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయని మరచిపోవద్దు.

స్వెల్ పేపర్ మీద నలుపుతో ప్రింటు తీసి హీటర్‌లోంచి పంపితే నల్ల గీతలు ఉబ్బుతాయి. బొమ్మను కంప్యూటర్‌లో తయారుచేసేటప్పుడు గీత మందం 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఉంచండి. పక్కపక్క గీతల మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు వదలండి, లేకపోతే వేలికి రెండూ ఒకటే. బ్రెయిల్ ఫాంట్‌ను 24 పాయింట్లలో పెట్టి, బొమ్మతోపాటు సాగదీయకుండా చూడండి. నలుపు నింపిన పెద్ద భాగాలు, నీడలు తీసేయండి. ఘనం, శంకువు లాంటివాటిని బొమ్మగా ఇవ్వొద్దు. కాగితం మీద గీసిన ఘనం కంటికి మాత్రమే ఘనం, వేలికి అది అడ్డదిడ్డంగా కలిసిన గీతలు. అట్టతో చేసిన నమూనా చేతికివ్వండి. ఐఐటీ ఢిల్లీలోని రైజ్డ్ లైన్స్ ఫౌండేషన్ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల బొమ్మలను ఇలా తాకి చదివేలా తయారుచేస్తోంది. ముందు అక్కడ విచారించండి.

వర్డ్ ఫైలులో బొమ్మ పెడితే, దానిపై కుడి క్లిక్ చేసి, బొమ్మను మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ రాయండి. "త్రిభుజం ఏబీసీ. బీ దగ్గర లంబకోణం. ఏబీ 6 సెం.మీ., బీసీ 8 సెం.మీ. ఏసీ కొలత ఇవ్వలేదు." ఇంతే. కంటికి కనిపించేదంతా ఉండాలి, విద్యార్థి కనుక్కోవలసింది ఉండకూడదు.

కొద్దిపాటి చూపు ఉన్న పిల్లలకు

బొమ్మగా ఉన్న సమీకరణాన్ని పెద్దది చేస్తే అంచులు చెదిరిపోతాయి. వర్డ్ సమీకరణం ఎంత పెంచినా స్పష్టంగా ఉంటుంది. ఘాతాలు మామూలు అక్షరాల కంటే చిన్నవి కాబట్టి వాటిని చదవగలిగేంత పెంచాలి. 18 పాయింట్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లండి. విండోస్ కీతో ప్లస్ నొక్కితే మాగ్నిఫైయర్ వస్తుంది, కంట్రోల్, ఆల్ట్, ఐ నొక్కితే రంగులు తిరగబడతాయి. కళ్లు అలసిపోయే పిల్లలకు ఎన్‌వీడీఏ కూడా నేర్పండి.

బోర్డు దగ్గర, పరీక్షలో

"దీన్ని అటు పంపితే గుర్తు మారుతుంది" అన్న మాటలో చూపు లేని విద్యార్థికి అందేది ఏమీ లేదు. "ప్లస్ 6 ఎడమ నుంచి కుడికి వెళ్తే మైనస్ 6" అనండి. బ్రాకెట్ తెరిచినప్పుడూ మూసినప్పుడూ నోటితో చెప్పండి. భిన్నానికి "మొత్తం బై" అనే మాట వాడండి: "ఎక్స్ ప్లస్ రెండు, మొత్తం బై మూడు." బోర్డు మీద రాయబోయే లెక్కల ఫైలును క్లాసు కంటే ముందే విద్యార్థికి పంపితే ఆ గంటంతా మీతో కలిసి నడుస్తారు.

పరీక్షల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల స్థానంలో 2025లో కొత్తవి వచ్చాయి, వాటిని చదివి ఉంచుకోండి. 2018 మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉండేది, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. బ్రెయిల్‌లో గానీ, కంప్యూటర్ మీద గానీ, పెద్ద అక్షరాల్లో గానీ రాసే ఎంపిక, అబాకస్, టేలర్ ఫ్రేమ్, రేఖాగణిత కిట్ తెచ్చుకునే వీలు, కాలిక్యులేటర్ అనుమతించే పరీక్షల్లో మాట్లాడే కాలిక్యులేటర్ కూడా అందులో ఉండేవి. దరఖాస్తు బడి ద్వారా ముందుగా వెళ్లాలి. చివరి వారంలో అడిగితే ఏర్పాట్లకు సమయం చాలదు.

స్క్రైబ్‌తో (విద్యార్థి చెబుతుంటే రాసిపెట్టే మనిషితో) రాయబోతుంటే సంవత్సరం మొదటి నుంచే నెలకు రెండుసార్లయినా లెక్కలు చెప్పి రాయించే సాధన పెట్టండి. విద్యార్థి చెబుతారు, పక్కవారు విన్నది విన్నట్టే రాస్తారు, మీరు ఆ కాగితం దిద్దుతారు. బ్రాకెట్ మూయమని చెప్పలేదని తెలియడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అదే లెక్కను నోట్‌ప్యాడ్‌లో కూడా రాయించి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి ఏ మెట్టులో తేడా వచ్చిందో విద్యార్థికి చదివి వినిపించండి.